పగలు ఇంట్లో ఎవరుంటారు?

మా బడిలో ఇప్పుడు నా కుర్చీలో కూర్చుంటున్న అమ్మాయి పేరు దీప్తి. చేరిన మొదటి వారమే నన్ను అడిగింది: "సిస్టర్, ఇక్కడ అసలు పనేంటండీ? సెలైన్లు లేవు, ఇంజెక్షన్లు లేవు, డాక్టర్ల రౌండ్లు లేవు. బీరువా తీస్తే జ్వరం బిళ్ళలు, ఓఆర్ఎస్ పాకెట్లు, దూది. అంతేనా?"

అంతే అని నవ్వాను. ఆ నవ్వుకి అర్థమేంటని అడుగుతూనే ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను. దీప్తి ఒక్కతే కాదు, బడి నర్సులుగా చేరబోయే పిల్లలు ఎవరైనా చదువుకోవచ్చు. ఎప్పుడు చేరాను, ఏ ఇంక్రిమెంటు ఎప్పుడొచ్చింది లాంటివి ఇందులో ఉండవు. అవి రాసుకునే పుస్తకం వేరే ఉంది, దాన్ని నేను కూడా చదవను.

దర్శి వెళ్ళే దారిలో, మిరప చేల మధ్య ఉన్న ఒక ఆడపిల్లల మిషన్ హైస్కూల్లో పద్దెనిమిదేళ్ళు నర్సుగా పనిచేశాను. అంతకుముందు గుంటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో. నేను పుట్టింది మార్టూరులో, రాళ్ళకి పాలిష్ పట్టే వీధిలో. మా నాన్నది ఆ పనే. రాతిపొడి ఎలా ఉంటుందో, మనిషి దగ్గులో అది ఎలా వినిపిస్తుందో చిన్నప్పుడే తెలుసు. మిరపకాయని మాత్రం కూరలో చూడ్డమే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నా తెలివితక్కువతనానికి తరవాత అదే సాక్ష్యం. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళు అలిసిపోయి మానేశారు. మార్టూరులో రెండు గదుల వాటాలో ఒక్కదాన్నే ఉంటూ, రోజూ గంటసేపు బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని.

గుమ్మం దాకా పరుగు

ఆస్పత్రిలో రోగి పడుకుని వస్తాడు. బడిలో రోగి పరిగెత్తుకుంటూ వస్తుంది. నా గది గుమ్మం దాకా ఒకటే పరుగు, గుమ్మం దగ్గర ఆగి అప్పుడు కుంటడం మొదలుపెడుతుంది. ఈ తేడా అర్థం కావడానికి నాకు ఒక నెల పట్టింది.

కడుపునొప్పికి టైంటేబుల్ ఉంటుంది. రెండో పీరియడులో లెక్కల స్లిప్ టెస్టు ఉందంటే మొదటి పీరియడు గంట కొట్టేసరికి నా గది ముందు వరస. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి సైన్సు పరీక్ష ఉన్నప్పుడల్లా కుడివైపు పట్టుకుని వచ్చేది. ఒకరోజు ఎడమవైపు పట్టుకుని వచ్చింది.

"మొన్న కుడివైపు కదే నొప్పి?"

"అది సైన్సుకండీ. ఇవాళ సోషల్."

ఆ పిల్లకి గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళిచ్చి, పది నిమిషాలు కూర్చోబెట్టి, నవ్వి పంపించాను. అలా నవ్వి పంపడం నాకు బాగా అలవాటైపోయింది. అలవాటైపోయిన రోజుల్లోనే ఇంకో పిల్ల కడుపు పట్టుకుని వచ్చింది. ఆమెనీ నవ్వి పంపాను. పావుగంటలో అసెంబ్లీ వరసలో కళ్ళు తిరిగి పడిపోయింది. మిరప కోతల కాలం. వాళ్ళమ్మ తెల్లవారకముందే ట్రాక్టరెక్కి చేలోకి వెళ్ళిపోయింది. పొయ్యి వెలిగించలేదు. పిల్ల రాత్రి నుంచి ఏమీ తినలేదు.

ఆ పిల్లని లేపి కూర్చోబెట్టింది నేను కాదు, ఆదెమ్మ. ఆదెమ్మ మా బడి ఆయా. గంట, గేటు తాళాలు, చీపురు, పిల్లల జడల్లో పేలు, అన్నీ ఆమె శాఖలే. తన క్యారేజీ విప్పి పెరుగన్నం కలిపి పిల్ల నోట్లో పెడుతూ, "అడక్కుండా ఎట్టా తెలుస్తది సిస్టరమ్మా? కడుపు నొప్పెట్టుద్దని చెప్తారు గానీ కడుపు కాళీ అని చెప్తారా?" అంది.

నాకు సిగ్గేసింది. ఆ రోజు నుంచి రిటైరయ్యే రోజు దాకా నా గదిలోకి ఎవరొచ్చినా మొదటి ప్రశ్న ఒకటే: "పొద్దున ఏం తిన్నావు?" తల పగిలినా అదే ప్రశ్న, వేలు తెగినా అదే ప్రశ్న. పిల్లలు నన్ను వెక్కిరిస్తూ ఒకళ్ళనొకళ్ళు అదే ప్రశ్న అడిగేవాళ్ళు. వెక్కిరిస్తే ఏం, అడిగారు కదా.

నా గొప్ప రూలు

ఆ సంవత్సరం వానాకాలంలో బడిలో కండ్లకలక వచ్చింది. ఆరో తరగతిలో ఒక పిల్లకి మొదలై, వారం తిరిగేసరికి సగం బడికి అంటుకుంది. అప్పుడు నేను ఒక రూలు రాశాను. ఆస్పత్రి నుంచి వచ్చినదాన్ని కదా, రూలు రాయడమంటే నాకు మహా ఇష్టం. తెల్ల చార్టు మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో, స్కేలు పెట్టి గీతలు గీసి మరీ రాశాను: "కళ్ళు ఎర్రబడినచో మూడు రోజులు ఇంటికి పంపవలెను. విద్యార్థినులకు, సిబ్బందికి, అందరికీ వర్తించును."

కింద నా సంతకం, పక్కన మా హెడ్మిస్ట్రెస్ ప్రేమలత మేడం గారి సంతకం. ఎర్రకళ్ళ పిల్లల్ని ఇళ్ళకి పంపాం. కలక తగ్గిపోయింది. మేడం గారు అసెంబ్లీలో నా పేరు చెప్పి చప్పట్లు కొట్టించారు. చార్టుకి అద్దం కట్టించి నా గది గోడకి వేలాడదీయించారు. నేను రోజూ దాని దుమ్ము స్వయంగా తుడిచేదాన్ని.

వానలు పోయాయి. చలి వచ్చింది. చేలల్లో మిరప పండింది.

సోమవారం కళ్ళు

జనవరి మూడో వారంలో ఒక సోమవారం పొద్దున, తొమ్మిదిమంది పిల్లలు ఎర్రటి కళ్ళతో వచ్చారు. అందరినీ ఇంటికి పంపేశాను. గురువారం తిరిగొచ్చారు, కళ్ళు ఇంకా ఎర్రగా. మళ్ళీ పంపేశాను. ఆ తరవాతి సోమవారం ఇంకొంతమంది. కలక తిరగబెట్టిందని నేను డెట్టాల్ నీళ్ళతో బెంచీలు తుడిపించాను.

తుడుస్తూ ఆదెమ్మ అంది: "నాకు తెలీకడుగుతాను సిస్టరమ్మా, సోమారం సోమారం వచ్చే కలక ఎక్కడన్నా ఉంటదా?"

"నువ్వు బెంచీ తుడువు ఆదెమ్మా," అన్నాను. ఈ మాట అన్నందుకు తరవాత ఆమెకి ఎన్నిసార్లు క్షమాపణ చెప్పుకున్నానో లెక్కలేదు. ప్రతిసారీ ఆమె, "మళ్ళీ ఒకసారి చెప్పండి, బాగుంది వింటానికి," అనేది.

నర్సువి, కారానికీ కలకకీ తేడా తెలీదా అని మీరు అడగొచ్చు. తెలుసు. కలకైతే పుసి కడుతుంది, నిద్ర లేచేసరికి రెప్పలు అతుక్కుపోతాయి. వీళ్ళ కళ్ళకి పుసి లేదు. నేను చూశాను కూడా. కానీ గోడ మీద "ఎర్రబడినచో" అని ఉంది. రాసింది నేనే. నా కళ్ళ కన్నా నా చార్టునే ఎక్కువ నమ్మాను. దీప్తీ, ఈ ఉద్యోగంలో ఇంతకన్నా పెద్ద జబ్బు లేదు.

ఆ పిల్లల్లో పదో తరగతి అమ్మాయి ఒకతి ఉండేది, మస్తాన్‌బీ. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ. లెక్కల్లో ఎప్పుడూ మొదటి మార్కు ఆమెదే. మూడోసారి ఇంటికి పంపుతున్నప్పుడు గుమ్మం దగ్గర ఆగింది.

"సిస్టర్, ఇది కలక కాదండీ."

"నువ్వు డాక్టరువా?"

"కాదండీ."

"మరి చార్టు చదువు."

చదివి వెళ్ళిపోయింది. ఏడవలేదు, వాదించలేదు. పుస్తకాల సంచీ మాత్రం రెండు చేతుల్తో గుండెకి హత్తుకుని నడిచింది. ఆ నడక ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. నా ఉద్యోగంలో అన్నిటికన్నా సిగ్గుపడే నిమిషం అదే.

ఫిబ్రవరిలో పదో తరగతి టీచరు స్టాఫ్ రూములో రిజిస్టరు తిప్పుతూ, "ఈ మస్తాన్‌బీ ఏమైపోయిందండీ? ఇట్లా అయితే హాజరు చాలదు. పరీక్షకి కూర్చోనివ్వరు," అంది. నేను టీ తాగుతున్నాను. పాపం అనుకున్నాను. టీ పూర్తిగా తాగాను. ఆ హాజరు తిన్నది నేనేనని నాకు తట్టనే లేదు.

బస్సు కిటికీలోంచి

ఆ వారంలోనే ఒకరోజు మార్టూరులో మా తమ్ముడి కూతురి పుట్టినరోజని మధ్యాహ్నం సెలవు పెట్టి బస్సెక్కాను. ఊరు దాటి రెండు మైళ్ళు వెళ్ళాక ఎదురుగా మిరపకాయల ట్రాక్టరు అడ్డం వచ్చి బస్సు ఆగింది. రోజూ వెళ్ళే దారే, అయినా ఆ రోజే కిటికీలోంచి సరిగ్గా చూశాను. రోడ్డు పక్కనే చేను. చేనంతా ఎరుపు. ఆడవాళ్ళు వరసగా వంగి కాయలు కోస్తున్నారు. చీరల మీద మగవాళ్ళ పాత ఫుల్ షర్టులు, ముఖాలకి తువ్వాళ్ళు. వాళ్ళ మధ్య చిన్న ఆకారాలు కొన్ని, అవీ అలాంటి షర్టుల్లోనే, చేతులు మోకాళ్ళ దాకా వేలాడుతూ.

అందులో ఒక ఆకారం నిటారుగా లేచి, బస్సు కేసి చూసి, ముఖం మీది గుడ్డ కిందకి లాగి కేక పెట్టింది.

"ఒసేయ్, సిస్టరే! గుడ్ ఆఫ్టర్నూన్ సిస్టర్!"

వెంటనే చేనంతా లేచింది. ఏడో తరగతి, తొమ్మిదో తరగతి, ఆరో తరగతి, నేను కండ్లకలక అని ఇంటికి పంపిన పిల్లలంతా అక్కడే ఉన్నారు. కారం చేతులు గాల్లో ఊపుతూ, అసెంబ్లీలో ఎలా అంటారో అలాగే అందరూ ఒక్క గొంతుతో: "గుడ్ ఆఫ్టర్నూన్ సిస్టర్!" బస్సులో వాళ్ళందరూ నా వైపు తిరిగారు. కండక్టరు, "మీ పిల్లలేనాండీ అంతా?" అన్నాడు.

దిగిపోయాను. పుట్టినరోజు సంగతి మర్చేపోయాను.

గట్టు మీద నిలబడిన రెండు నిమిషాలకే ముక్కు మండింది, కళ్ళలో నీళ్ళు. పిల్లలు నా చుట్టూ మూగారు. ఒక చిన్నది గర్వంగా చెప్పింది, "ఆదివారం కోతకొస్తే సోమవారం కళ్ళు ఎర్రగా ఉంటాయండీ. మీరు ఇంటికి పంపుతారు. ఇంటికి పోతే అమ్మ చేలోకి తీసుకొస్తది. మళ్ళీ ఎర్రగా అవుతాయి. మళ్ళీ మీరు పంపుతారు!" నేను కనిపెట్టిన ఏర్పాటుని ఇంత చక్కగా నాకే వివరించినవాళ్ళు ఇంకెవరూ లేరు.

మస్తాన్‌బీ మాత్రం నా దగ్గరికి రాలేదు. నాలుగు వరసల అవతల తల వంచుకుని కోస్తూనే ఉంది. వాళ్ళమ్మ ఖాసింబీ నడుం మీద చేయి పెట్టుకుని వచ్చింది. నేను నర్సు గొంతుతోనే మొదలుపెట్టాను.

"పరీక్షలు నెలలో ఉంటే పిల్లని చేలోకి తీసుకొస్తారా అమ్మా?"

ఆమెకి కోపం వచ్చింది. రావాలి కూడా.

"ఏందమ్మా, పంపింది మీరు కాదా? మూడు రోజులు బడికి రావద్దని మీరే అంటిరి. ఇంటికాడ ఎవురున్నారు? నేనా, పొద్దున పోతే పొద్దుగూకి వస్తా. ఎదిగిన పిల్లని ఒక్కదాన్నే ఇంట్లో పెట్టి తాళమేసి పోయేదా? ఎంట తెచ్చుకున్నా. చేలోకొచ్చినాక చేతులు ముడుచుకుని కూకుంటదా పిల్ల? అది కూకున్నా వరసలో వాళ్ళు ఊరుకోరు. పుస్తకం తెచ్చుకుంది, సూడు ఆడ, గట్టు మీద. గాలికి కారమంతా దానిమీదే. నేనేమన్నా సరదాకి తెచ్చానా తల్లీ?"

గట్టు మీద లెక్కల పుస్తకం ఉంది. ఎగిరిపోకుండా దానిమీద రాయి పెట్టి ఉంది.

పద్ధతి ప్రకారం "ఇంటికి పంపవలెను" అని రాశాను. ఆ ఇంట్లో పగలు ఎవరుంటారో ఒక్కసారైనా అడగలేదు. ఆస్పత్రి నుంచి రోగిని ఇంటికి పంపితే ఇంట్లో మంచం ఉంటుంది, మంచం పక్కన మనిషి ఉంటుంది. ఈ పిల్లలకి కోతల కాలంలో పగటిపూట ఇల్లంటే చేనే. నేను మంట తగ్గమని నిప్పులోకే పంపుతూ వచ్చాను. రాతిపొడిలో పుట్టినదాన్ని, గాల్లో ఎగిరే పొడి మనుషుల్ని ఏం చేస్తుందో నాకు ఒకళ్ళు చెప్పాలా? చెప్పాల్సి వచ్చింది.

కళ్ళు తుడుచుకున్నాను. అంతకుముందే ఒక పిల్ల చేయి పట్టుకున్నాను, అది మర్చిపోయాను. చేనంతా ఒక్కసారిగా అరిచింది, "రుద్దకండి సిస్టర్!" అప్పటికే ఆలస్యమైంది. ఖాసింబీ కోపమంతా మర్చిపోయి నవ్వాపుకోలేక, నా చేతులకి కొబ్బరినూనె రాసి, సబ్బుతో కడిగించి, అప్పుడు బిందెలో నీళ్ళతో కళ్ళు కడిగింది. "ముందు చేతులు, తరవాత కళ్ళు. ఇది కూడా తెలీకుండా నర్సు ఎట్టా అయినావమ్మా?" అంది. ఆ వరస నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఇప్పుడు మా బీరువాలో కొబ్బరినూనె సీసా మొదటి అరలో ఉంటుంది.

మేడం గారి గదిలో

మర్నాడు పొద్దున అద్దంలో చూసుకుంటే రెండు కళ్ళూ పండు మిరపకాయలే. గేటు దగ్గర ఆదెమ్మ నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, గంట కొట్టడం కూడా మర్చిపోయి లోపలికి పరిగెత్తింది. నేను నా గదికి చేరేలోపే ప్రేమలత మేడం గారి నుంచి పిలుపు.

మేడం గారి గురించి ఒక మాట చెప్పాలి. ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు. కళ్ళజోడు గొలుసుకి వేలాడుతూ ఉండేది. అది తీసి ముక్కు మీద పెట్టుకున్నారంటే ఎవరికో మూడిందని అర్థం. ఆ రోజు పెట్టుకున్నారు. నా గది గోడ మీది చార్టు ఆమె బల్ల మీద ఉంది. ఆదెమ్మే మోసుకొచ్చింది.

మేడం గారు చదివారు: "కళ్ళు ఎర్రబడినచో మూడు రోజులు ఇంటికి పంపవలెను. విద్యార్థినులకు, సిబ్బందికి, అందరికీ వర్తించును." తరవాత నా కళ్ళలోకి చూశారు. "వెళ్తారా?"

"ఇది కలక కాదండీ," అన్నాను.

అన్నాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది. అదే మాట, అదే గొంతు. ఆ పిల్లని నేనేమన్నానో కూడా గుర్తొచ్చింది. అక్కడే నిలబడి ఏడ్చేశాను. కారం కళ్ళలోంచి ఏడిస్తే ఎంత మండుతుందో, అది వేరే కథ.

అంతా చెప్పాను. కాగితం తీసుకుని రాసిచ్చాను: మస్తాన్‌బీ సొంతంగా బడి మానలేదు, ప్రతిసారీ నేనే పంపాను, ఆ రోజుల గైర్హాజరుకి బాధ్యత నాది, తప్పు నాది. మేడం గారు రెండుసార్లు చదివి, పెన్ను తీసి ఒక్క దిద్దు దిద్దారు. "తప్పు నాది" అన్నచోట "తప్పు మాది" అని రాశారు.

"చార్టు మీద నా సంతకం కూడా ఉంది కదండీ," అన్నారు. "చప్పట్లు కొట్టించింది కూడా నేనే."

ఇలాంటి పైఅధికారి దొరికితే దీప్తీ, కాళ్ళకి దణ్ణం పెట్టక్కర్లేదు, అబద్ధం మాత్రం ఎప్పుడూ చెప్పకు.

ఆ మధ్యాహ్నమే మస్తాన్‌బీనీ ఖాసింబీనీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాను. డాక్టరు గారు పిల్ల కళ్ళు చూసి, కారం ఘాటు వల్ల వాచాయని, పూర్తిగా తగ్గేదాకా కోతకి, కల్లానికి వెళ్ళకూడదని, బడికి మాత్రం నిరభ్యంతరంగా వెళ్ళవచ్చని రాసిచ్చారు. ఖాసింబీ ఆ చీటీని చదివించుకుని, "ఆదివారం కూడానా?" అంది. "ఆదివారం కూడా," అన్నారాయన. ఆమె కాసేపు ఆలోచించి, "సరే, దాని వరస కూడా నేనే కోస్తాలే," అంది. ఆ తల్లి నడుం నొప్పి గురించి ఆ రోజు ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు. తరవాత అడిగాను.

మా కాగితం, డాక్టరు గారి చీటీ, రెండూ మేడం గారు స్వయంగా తీసుకుని విద్యాశాఖ ఆఫీసుకి వెళ్ళారు. ఏమవుతుందో తెలీదు. మూడు వారాలు నాకు అన్నం సయించలేదు. మస్తాన్‌బీ రోజూ బడికి వస్తూనే ఉంది. ప్రతి పొద్దునా నా గది ముందు ఆగి, ఏమైనా తెలిసిందా అన్నట్టు చూసేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. తనే నాకు ధైర్యం చెప్పినట్టు, "వస్తదిలెండి సిస్టర్," అని క్లాసుకి పోయేది.

హాల్ టికెట్లు వచ్చిన రోజు మేడం గారు కట్ట విప్పి, ఒకటి పైకి తీసి పట్టుకుని, వరండాలోంచి నా గదికి నడుచుకుంటూ వచ్చారు. ఆమె అంత వేగంగా నడవడం నేను ముందెప్పుడూ చూడలేదు. నేనూ ఆదెమ్మా ఒకళ్ళ చేతులు ఒకళ్ళం పట్టుకుని గంతులేశాం. మా ఇద్దరి వయసులూ కలిపి చెప్తే మీరు నవ్వుతారు.

పరీక్ష మొదటి రోజు మస్తాన్‌బీ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. గుమ్మం దగ్గర కుంటలేదు. రెండు వేళ్ళతో కనురెప్పలు విప్పి పట్టుకుని ముఖం నా ముఖానికి ఆనించినంత దగ్గరగా పెట్టింది.

"చూడండి సిస్టర్, తెల్లగా ఉన్నాయి!"

"పొద్దున ఏం తిన్నావు?"

"ఉప్మా అండీ. రెండుసార్లు."

నాలుగు మంచాలు

ఆ ఎండాకాలం మేడం గారు స్టాఫ్ రూము పక్కన పాత సామాన్ల గది ఖాళీ చేయించి నాలుగు మంచాలు వేయించారు. చార్టు మారింది. దానిమీద ఇప్పుడు కళ్ళ రంగు గురించి ఏమీ లేదు. దాని బదులు ఒక చీటీ తయారుచేశాం. పేరు, తరగతి, బాధ. ఆ కింద ఒక ప్రశ్న: పగలు ఇంట్లో ఎవరుంటారు? చివర నిర్ణయం.

అమ్మమ్మ ఉందంటే ఇంటికి. ఎవరూ లేరంటే బడిలోనే, మంచం మీద. అంటుకునే జబ్బయితే మూల మంచం, వేరే తువ్వాలు, వేరే గ్లాసు. తరవాతి వానాకాలంలో నిజం కలక వచ్చినప్పుడు నాలుగు మంచాలూ నిండి, కింద చాపలు కూడా వేశాం. ఒక పిల్ల తండ్రి వచ్చి, "జబ్బు పిల్లల్ని బడిలో పెట్టుకుంటారా, మా పిల్లకి అంటదా?" అని గట్టిగా అరిచాడు. ఆయన భయం తప్పేమీ కాదు. లోపలికి తీసుకెళ్ళి మూల మంచం, వేరే సబ్బు, ఆదెమ్మ కాపలా చూపించాను. ఆదెమ్మ ఆయన్ని కూడా చేతులు కడుక్కుని గానీ బయటికి పోనివ్వలేదు.

కొందరు టీచర్లు ఆ గదిని ధర్మసత్రం అనేవాళ్ళు. అననీ. నేను ఒప్పుకోని మాట ఒక్కటే, "రూలు రూలే" అన్నది. రూలు ఒక ప్రశ్నతో మొదలవ్వాలి. జవాబుతో మొదలయ్యే రూలు నాదొకటి ఉండేది, దానికి అద్దం కూడా కట్టించాం.

నా చీటీ

పోయిన సంవత్సరం రిటైరయ్యాను. ప్రేమలత మేడం గారు అంతకు చాలాముందే రిటైరయ్యారు, ఆ రోజు మాత్రం కళ్ళజోడు గొలుసుతో సహా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. శాలువాలు, దండలు, ఉపన్యాసాలు. నేను ఏడవకూడదని గట్టిగా అనుకుని, పొద్దున్నుంచి ఏడుస్తూనే ఉన్నాను.

అన్నీ అయ్యాక మా లెక్కల టీచరు మైకు దగ్గరికి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ. అవును, మస్తాన్‌బీయే. బీఈడీ చేసి ఆరేళ్ళుగా మా బడిలోనే లెక్కలు చెప్తోంది. ఆమె స్లిప్ టెస్టు పెడితే నా గది ముందు వరస ఎప్పటికన్నా పొడుగ్గా ఉండేది. ముందు వరసలో మేడం గారి పక్కనే ఖాసింబీ కూర్చుని ఉంది.

"ఉపన్యాసం రాదండీ నాకు," అంది మస్తాన్‌బీ. "ఒక చీటీ రాశాం పిల్లలూ నేనూ. అది చదువుతాను."

మా చీటీయే. నేను ఇన్నేళ్ళలో అలాంటివి కొన్ని వేలు నింపి ఉంటాను. చదివింది.

"పేరు: సుగుణ సిస్టర్. తరగతి: అన్నీ. బాధ: రిటైర్మెంట్. కళ్ళు ఎర్రగా ఉన్నవి. కలక కాదు."

పిల్లలంతా గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను.

"పగలు ఇంట్లో ఎవరుంటారు?" అని చదివి మస్తాన్‌బీ ఆగింది. నా వైపు చూసింది. "ఎవరూ ఉండరు. విచారించి తెలుసుకున్నాం."

తరవాతి గీత ఆమె చదవలేకపోయింది. ఆదెమ్మకి చదువు రాదు, అయినా కుర్చీలోంచి లేచి మైకు కూడా లేకుండా అరిచింది, "ఇంటికి పంపకూడదు! బళ్ళోనే ఉంచాలి!" చీటీ కింద ఇప్పటి హెడ్మిస్ట్రెస్ గారి సంతకం, పక్కన ప్రేమలత మేడం గారి సంతకం. ఆమె ఎప్పుడు పెట్టారో నాకు తెలీదు.

అందుకే ఇప్పుడు ప్రతి బుధవారం పొద్దున బస్సెక్కి బడికి వెళ్తున్నాను. మొదటి బుధవారం దీప్తి నా గదిలో, అదే, తన గదిలో, ఏదో రాసుకుంటోంది. పెద్దరికంగా నాలుగు సలహాలు చెబుదామని గుమ్మం దగ్గర గొంతు సవరించుకున్నాను. తలెత్తి నన్ను చూసింది. రండి అనలేదు, ఎలా ఉన్నారనలేదు.

"పొద్దున ఏం తిన్నారండీ సిస్టర్?"

ఒక్కదాన్నే కదా, పొయ్యి ఏం వెలిగిస్తాంలే అనుకుని, టీ తాగి బస్సెక్కేశాను. అబద్ధం చెబుదామనుకున్నాను, కానీ ఆ గదిలో అబద్ధం చెప్పడం నాకు అలవాటు లేదు.

"ఏమీ తినలేదమ్మా," అన్నాను.

దీప్తి మంచం చూపించి తన క్యారేజీ మూత తీసింది.